గుమ్మం ముందు దగ్గు

మా తాతయ్య పొలం నుంచి వచ్చినా, బజారు నుంచి వచ్చినా వీధి గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి దగ్గేవాడు. జలుబు చేసి కాదు. గొంతు సవరించుకున్నట్టు, ఒకే ఒక్కసారి. ఆ దగ్గు వినపడగానే వసారాలో కాళ్లు బారజాపుకున్నవాళ్లు ముడుచుకునేవాళ్లు, నూతి దగ్గర తల ఆరబెట్టుకుంటున్న పిన్ని కొంగు సర్దుకునేది. సొంత ఇల్లే, ఆయన కట్టించిన గుమ్మమే. అయినా దగ్గి, లోపలివాళ్లు సర్దుకునేంతసేపు నిలబడి, అప్పుడు గడప దాటేవాడు. చిన్నప్పుడు అది ఆయన అలవాటనుకున్నాను. అంతకు మించి ఎప్పుడూ ఆలోచించలేదు. నిరుడు వేసవిలో, వర్జీనియాలో ఒక సైకిల్ బాట పక్కన అమ్మ మణికట్టు పట్టుకుని కూర్చున్నప్పుడు ఆ దగ్గు మళ్లీ చెవిలో పడినట్టయింది.

మేముండేది హెర్న్‌డన్‌లో. ఇంటికి నాలుగు వీధుల అవతల డబ్ల్యూ అండ్ ఓడీ ట్రెయిల్ ఉంది. ఒకప్పుడు అది వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమీనియన్ అనే రైలు దారి. 1968లో ఆ రైలు ఆగిపోయింది. పట్టాలు తీసేసిన కట్ట మీద తారు బాట వెయ్యడం 1974లో ఫాల్స్ చర్చ్ దగ్గర మొదలైంది, 1988 నాటికి పర్సెల్‌విల్ దాకా పూర్తయింది. ఆర్లింగ్టన్‌లోని షర్లింగ్టన్ నుంచి పర్సెల్‌విల్ వరకు 45 మైళ్లు, అంటే 72 కిలోమీటర్లు. రైలు కోసం చదును చేసిన నేల కాబట్టి పెద్ద ఎత్తుపల్లాలుండవు. సైకిలు తొక్కేవాళ్లకీ నడిచేవాళ్లకీ అంతకన్నా హాయైన దారి ఈ చుట్టుపక్కల లేదు. హెర్న్‌డన్ పాత రైలు స్టేషను ఇప్పుడు చిన్న మ్యూజియం.

మే నెల వచ్చిందంటే ఈ బాట మీద తెలుగు వినపడుతుంది. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మలు, నాన్నలు, అత్తగార్లు, మామగార్లు. చీర కింద స్పోర్ట్స్ బూట్లు, తలకి మఫ్లరు, చేతిలో ఫోను. చాలామంది చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఊరుకాని ఊళ్లో, పగలంతా తాళం వేసిన ఇంట్లో గడిపే మనిషికి ఆ గంట నడకలో చెవిలో వినిపించే తెలుగు ఎంత ఊరటో నాకు తెలుసు. మా అమ్మ భాగవత ప్రవచనం వింటుంది. తెనాలిలో ఉన్నప్పుడు టీవీ ముందు కూర్చుని వినేది, ఇక్కడ నడుస్తూ వింటుంది.

ఆ రోజు ఉదయం ఏడింటికి నేను స్టేషను పక్కనున్న కుళాయి దగ్గర సీసాలో నీళ్లు పడుతున్నాను. అమ్మ పది బారల ముందు, బాటకి కుడి వారన నడుస్తోంది. వెనక నుంచి ఒక అబ్బాయి సన్నటి చక్రాల సైకిలు మీద బాగా వేగంగా వచ్చాడు. ఇక్కడి పద్ధతి ప్రకారమే గట్టిగా అరిచాడు: ‘ఆన్ యువర్ లెఫ్ట్!’ నీ ఎడమ పక్కనుంచి దాటుతున్నాను, నువ్వున్న చోటే ఉండు అని దాని అర్థం. ప్రవచనం మధ్యలోంచి అమ్మకి వినపడింది చివరి ముక్క ఒక్కటే, లెఫ్ట్. డెబ్భై ఏళ్లుగా ఆమెకి ఆ మాటకున్న అర్థం ఎడమకి జరగమని. రిక్షా దగ్గర్నుంచి ఆర్టీసీ బస్సు దాకా అందరూ ఎడమే పట్టమన్నారు. ఆమె ఎడమకి జరిగింది.

అతను బ్రేకు నొక్కి గడ్డిలోకి తిప్పాడు. సైకిలు పక్కకి ఒరిగి పడిపోయింది. హ్యాండిలు అంచు తగిలి అమ్మ కూలబడింది. అతని మోచెయ్యి గీసుకుపోయి రక్తం కారుతోంది, అమ్మ మణికట్టు బెణికింది. అంతకు మించి ఏమీ కాలేదు. అతను లేచి ముందు అమ్మ దగ్గరికే వచ్చాడు, మోకాళ్ల మీద కూర్చుని ఎలా ఉందని అడిగాడు. నేను పరుగెత్తుకెళ్లేసరికి నేల మీద పడిన ఇయర్‌ఫోన్లోంచి ప్రవచనం సన్నగా వినపడుతూనే ఉంది.

అతను వెళ్లాక నేను అమ్మని కసిరాను. ‘చెవుల్లో అవి పెట్టుకుని నడవొద్దని ఎన్నిసార్లు చెప్పానమ్మా?’ అన్నాను. అమ్మ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: ‘తప్పేలేరా. కానీ అతనికి నేను కనపడుతూనే ఉన్నాగా నాన్నా. నాకు అతను కనపళ్లేదు.’

ఈ ముక్క నన్ను వదల్లేదు. ఎందుకంటే ఆ అబ్బాయి స్థానంలో నేను వందలసార్లు ఉన్నాను. ఇదే బాట మీద పదేళ్లుగా తొక్కుతున్నాను. ఇదే మాట ఇదే గొంతుతో అరిచాను. ముందు మనిషి కదలకపోతే, చెవుల్లో ఆ తెల్లటి ముక్కలు కనపడితే నాలో ఒక చిరాకు లేచేది. నేను చెప్పాల్సింది చెప్పాను, వినకపోవడం వాళ్ల తప్పు అనిపించేది. అరుపుతో నా పూచీ తీరిపోయినట్టు, వేగం తగ్గించకుండానే పక్కనుంచి దూసుకుపోయేవాణ్ణి. ఆ క్షణాన జరిగేదంతా ఇద్దరికీ సమానంగా తెలియదు. వెనక ఉన్నవాడికి ముందు మనిషి నడక, ఒళ్లు తూలే తీరు, చెయ్యి పట్టుకున్న పిల్లాడు, ఎదురొచ్చే కుక్క అన్నీ కనపడతాయి. ముందు మనిషికి వెనక ఏముందో ఒక్క చెవి ద్వారానే తెలియాలి. ఆ చెవి మూసి ఉందని కూడా వెనకవాడికే కనపడుతుంది. ఇంత తెలిసినవాడు ఏమీ తెలియనివాళ్ల మీద భారం వేసి పోవడం ఏం న్యాయం?

ముందు నడిచేవాళ్లందరూ వినగలిగినవాళ్లే అనుకోవడంలోనే అసలు పొరపాటుంది. పుట్టు చెవుడున్నవాళ్లూ ఈ బాట మీద నడుస్తారు. వయసు మీద పడి ఒక చెవి మందగించినవాళ్లు నడుస్తారు. మా అమ్మకే కుడి చెవి అంతంత మాత్రం. ఇంగ్లీషు తెలియనివాళ్లు, ఏదో దిగులులో మునిగి బయటి చప్పుడు పట్టనివాళ్లు కూడా నడుస్తారు. వాళ్లెవరి చెవిలోనూ ఇయర్‌ఫోను ఉండదు. వెనక నుంచి చూస్తే తేడా తెలియదు. అందుకని నేనిప్పుడు ముందున్న మనిషికి వినపడదనే అనుకుని దగ్గరికి వెళతాను.

వినపడకుండా చేసే ఆ వస్తువు సంగతి కూడా కొంచెం తెలుసుకోవాలి. చప్పుడుని చప్పుడుతోనే చెరిపేసే హెడ్‌ఫోన్ల ఆలోచన బోస్ కంపెనీ స్థాపకుడు అమర్ బోస్‌కి 1978లో జ్యూరిక్ నుంచి బోస్టన్ వెళ్లే విమానంలో వచ్చింది. ఇంజన్ల హోరులో పాట వినపడక, ఆ హోరుని తీసేసే లెక్కలు అక్కడే కూర్చుని వేసుకున్నారాయన. 1989లో పైలట్ల కోసం ఆ హెడ్‌సెట్ బయటికొచ్చింది. అది చెరిపేది ముఖ్యంగా ఎడతెగని బొంగురు మోతని. విమానంలో ఆ మోత ఒట్టి గోల, పోతేనే మేలు. బాట మీద అదే ఎడతెగని మోత ఒక కబురు. తారు మీద టైర్లు చేసే సన్నటి హోరు, దూరంగా రోడ్డు దాటే కార్ల మోత, ఇలా ముందుగా చెప్పేవన్నీ ఆ జాతివే. గంట కీచుమని మోగుతుంది కాబట్టి దాన్ని యంత్రం అంతగా చెరపలేదు గానీ, చెవిలో బిగించిన బిరడా అడ్డుకుంటుంది. అలా దూరం నుంచి వచ్చే హెచ్చరిక యంత్రానికి పోతుంది, దగ్గరి హెచ్చరిక బిరడాకి పోతుంది.

ఒక చెవి వదిలేస్తే చాలు కదా అంటారు. వర్జీనియా చట్టమూ అంతే చెప్తుంది, రెండు చెవుల్లోనూ పెట్టుకుని రోడ్ల మీద సైకిలు తొక్కకూడదని. కాలిఫోర్నియాలోనూ ఇంతే. ఫ్రాన్స్ 2015 జులై 1 నుంచి సైకిలు తొక్కేవాళ్ల చెవుల్లో ఒక్కటి కూడా ఉండకూడదంది, పెట్టుకుంటే 135 యూరోల జరిమానా. అందరికన్నా ఎక్కువ సైకిళ్లు తొక్కే నెదర్లాండ్స్‌లో మాత్రం చెవుల జోలికి పోలేదు, ఫోను చేత్తో పట్టుకోవడాన్నే 2019లో నిషేధించారు. నా మటుకు నేను సైకిలు మీద ఒక్కటి కూడా పెట్టుకోను. కారణం చట్టం కాదు. చప్పుడు ఎటునుంచి వస్తోందో చెప్పాలంటే రెండు చెవులూ కావాలి. అది ఒక చెవిని చేరాక రెండోదాన్ని చేరడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు, ఆ తేడాని పట్టుకునే మన మెదడు దిక్కు చెప్తుంది. ఒక చెవి మూస్తే గంట వినపడుతుంది గానీ ఏ పక్కనో తెలియదు. ఏ పక్కనో తెలియనప్పుడే మనిషి కంగారుగా అటో ఇటో జరుగుతాడు. ప్రమాదమంతా ఆ జరగడంలోనే ఉంది. అసలు ఏమీ వినపడకుండా తిన్నగా తన దారిన నడిచే మనిషిని దాటడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు.

ఇక్కడ నాకెంతో ఇష్టమైన ఒక సంగతి చెప్పాలి. 1979 జులై 1న జపాన్‌లో సోనీ వాక్‌మన్ అమ్మకానికొచ్చింది. నడుస్తూ, చెవులు మూసుకుని, తన పాట తాను వినే మనిషి అప్పటి నుంచే వీధిలోకొచ్చాడు. ఆ మొదటి వాక్‌మన్‌కి హెడ్‌ఫోన్లు పెట్టుకునే రంధ్రాలు రెండుండేవి. ఒక్కడే కూర్చుని వింటే పక్కనున్నవాళ్లకి మర్యాద కాదని కంపెనీ పెద్ద అకియో మోరిటా పట్టుబట్టి పెట్టించారు. దాంతోపాటు నారింజ రంగు మీట ఒకటి. అది నొక్కితే పాట తగ్గిపోయి, చిన్న మైకు గుండా పక్క మనిషి మాట చెవిలోకి వచ్చేది. తర్వాతి మోడళ్లలో ఆ మీట తీసేశారు. జనానికి పక్కమనిషి అక్కర్లేకపోయింది. నలభై ఏళ్ల తర్వాత ఇప్పటి ఇయర్‌ఫోన్లలో బయటి చప్పుడుని లోపలికి రానిచ్చే ఏర్పాటు మళ్లీ వచ్చింది. తయారుచేసినవాడికి మొదటి రోజే తోచిన బెంగ ఇది. ఆ నారింజ మీట బొమ్మ చూసినప్పుడల్లా నాకు తాతయ్య దగ్గు లోపలివాళ్ల దాకా చేరడానికి వదిలిన సందులా కనపడుతుంది.

ఎలా దాటాలో నాకు నేర్పింది మటుకు ఒక గుర్రం. వర్జీనియాలోనే ఉన్న వియన్నా అనే ఊరి నుంచి పడమటికి ఈ తారు బాట పక్కనే గుర్రాల కోసం కంకర దారి ఉంది, అక్కడక్కడ రెండూ కలుస్తాయి. లీస్‌బర్గ్ దాటాక ఒకసారి నా ముందు ఒక పెద్దావిడ గుర్రం మీద వెళుతోంది. నేను అలవాటుగా గంట కొట్టాను. గుర్రం చెవులు వెనక్కి పడ్డాయి, ఒళ్లంతా ఒక్కసారి బిగుసుకుంది. ఆవిడ వెనక్కి తిరిగి, కోపం లేకుండా, మాట్లాడుతూ రండి అంది. ఏం మాట్లాడాలన్నాను. ఏదైనా సరే, వస్తున్నది మనిషని దానికి తెలిస్తే చాలు అంది. నోటికొచ్చింది తెలుగే. ‘వస్తున్నానమ్మా, వస్తున్నా, భయం లేదు’ అంటూ నెమ్మదిగా తొక్కాను. చెవి ఒకటి నా వైపు తిరిగింది. మెడ కిందకి దించి దాని నడక అది నడిచింది. నేను ఎంతో ఎడంగా దాటాను.

గంటని తప్పుపట్టడం లేదు. గంట ఎప్పుడు కొడతామన్నదే ముఖ్యం. పాతిక కిలోమీటర్ల వేగంలో సైకిలు సెకనుకి ఏడు మీటర్లు పోతుంది. పది మీటర్ల దూరంలో గంట కొడితే నడిచే మనిషికి దొరికేది రెండు సెకన్లు కూడా కాదు. వినడానికి, అర్థం చేసుకోవడానికి, ఎటు కదలకూడదో తేల్చుకోవడానికి అది సరిపోదు. ఉలిక్కిపడటానికి మాత్రం సరిగ్గా సరిపోతుంది. ముప్పై మీటర్ల దూరంలోనే కొడితే నాలుగైదు సెకన్లుంటాయి, మనిషి చెయ్యెత్తుతాడు, లేదా కాస్త తల తిప్పుతాడు. ఏ గుర్తూ కనపడకపోతే వినపడలేదన్నమాట. అప్పుడు రెండోసారి ఇంకా గట్టిగా కొట్టడం కాదు, వేగం తగ్గించాలి. నడక కన్నా కాస్త ఎక్కువ వేగానికి దిగి, ఎదురుగా ఎవరూ లేకుండా అయ్యేదాకా ఆగి, చెయ్యి చాపినా తగలనంత ఎడంగా దాటాలి. దీనివల్ల పోయే సమయం ఎంతని ఒకరోజు లెక్కేశాను. ముప్పై మీటర్ల మేర పాతిక నుంచి పది కిలోమీటర్ల వేగానికి దిగితే ఆరేడు సెకన్లు. ఇంటి నుంచి ఆఫీసుకి దారిలో అలాంటివాళ్లు ఇరవై మంది తగిలినా రెండున్నర నిమిషాల లోపే. రెండు నిమిషాల కోసం నేనిన్నాళ్లూ ఎంతమంది గుండె దడదడలాడించానో తలుచుకుంటే బాధేస్తుంది.

మన ఊళ్లలో ఈ మర్యాద లేకపోలేదు. రాత్రిపూట చేనిగట్టు మీద నడిచే రైతు కర్ర తాటిస్తూ వెళతాడు, పాముకి కూడా తప్పుకునే వ్యవధి ఇవ్వాలని. ఎడ్ల మెడలో మువ్వలు అందానికే కట్టలేదు, చీకట్లో బండి వస్తోందని ముందు నడిచేవాళ్లకి ఎంతో దూరం నుంచే తెలిసేది. అవి తప్పుకోమనవు. వస్తున్నామని చెప్తాయి, అంతే. ఆ తర్వాత మోటార్లొచ్చాయి, హారన్లొచ్చాయి. వస్తున్నానన్న మాట లేవండన్న మాటగా మారింది. అదే చెవితో పెరిగిన మనకి సైకిలు గంట కూడా అదలింపులాగే వినపడుతుంది, చాలాసార్లు మనం కొట్టేదీ అలాగే.

ఈ జనవరిలో హైదరాబాద్ వెళ్లినప్పుడు అవుటర్ రింగు రోడ్డు పక్కన వేసిన సైకిల్ ట్రాక్ మీద తొక్కాను. 2023 అక్టోబరులో తెరిచారు, 23 కిలోమీటర్లు, నెత్తి మీద పొడుగునా సోలార్ పలకల నీడ. నానక్‌రామ్‌గూడ దగ్గర తెల్లవారుజామున ఎక్కాను. సైకిళ్ల కోసం వేసిన బాటే గానీ నడిచేవాళ్లూ కనపడ్డారు, చాలామంది చెవుల్లో ఇయర్‌ఫోన్లు. వెనకాల ఒక కుర్రాడు సైకిలు నెమ్మది చేసి, ‘అన్నా, కుడి సైడ్‌కెళ్లి పోతున్నా’ అన్నాడు. ఎంతో సేపు ఆ మాట నాతో ఉండిపోయింది. పక్క చెప్పాడు, తాను చేసేది చెప్పాడు, నన్నేమీ చెయ్యమనలేదు, పైగా అన్నా అని పిలిచాడు. అక్కడ దాటేది కుడి నుంచి కాబట్టి ఒక చెవే వదలాలనుకునేవాళ్లు వదలాల్సింది కుడి చెవి. ఇక్కడ ఎడమది. రెండు దేశాల మధ్య తిరిగేవాళ్లకి ఈ చిన్న విషయం ఎవరూ చెప్పరు, నేను అమ్మకి ఆ మణికట్టు వాచాక చెప్పాను.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడిచేవాళ్లు చెయ్యాల్సింది లేదని కాదు. నేను అమ్మని అడిగినవి మూడే. బాట వారనే తిన్నగా నడువు. పక్కకి జరిగే ముందు, ఆగే ముందు, పువ్వు చూడటానికి వంగే ముందు ఒక్కసారి వెనక్కి చూడు. వినపడితే చెయ్యెత్తు. ప్రవచనం మానెయ్యమని అడగలేదు. ఆ గంటసేపు ఆమెది. ఫాల్స్ చర్చ్ ఊళ్లో ఈమధ్య నడిచేవాళ్లకో బాట, సైకిళ్లకో బాట వేరుగా వేశారు. చోటున్న ప్రతి ఊళ్లోనూ అలా వెయ్యాలి. కానీ హెర్న్‌డన్‌లో మేమింకా ఒకే బాట పంచుకుంటున్నాం.

వారం తర్వాత అమ్మ మణికట్టుకి పట్టీతోనే మళ్లీ నడకకి బయల్దేరింది. నేను కాసేపటికి సైకిలు తీసి వెనకే వెళ్లాను. స్టేషను దాటాక దూరంగా ఆమె కనపడింది, కుడి వారన, ఊదా రంగు చీర, కుడి చెవిలో మాత్రం ఇయర్‌ఫోను. పక్కన మరో ఇద్దరు అమ్మలు నడుస్తున్నారు, వాళ్లలో ఒకావిడ రెండు చెవుల్లోనూ పెట్టుకుంది. నేను పెడలు తొక్కడం ఆపేశాను. ఫ్రీవీలు టిక్కుటిక్కుమంటోంది. చాలా దూరంలోనే ఒకసారి గొంతు సవరించుకుని, ‘వస్తున్నానండీ’ అన్నాను.

అమ్మ వెనక్కి తిరగలేదు. పట్టీ కట్టిన చెయ్యి గాల్లోకి లేపి, ఇంకో చేత్తో పక్కావిడ మోచెయ్యి పట్టుకుని మెల్లగా తన వైపుకి లాక్కుంది.